నీటికాసుల రోగుల శయన భంగిమలు: వైద్య సూచన – తెలుగు వ్యక్తీకరణ

సారాంశం

గ్లకోమాను తెలుగువారు వాడుకలో ‘నీటికాసులు’ అంటారు. ఈ వ్యాధిలో దృష్టి నాడి క్రమంగా దెబ్బతింటుంది. పోయిన చూపును తిరిగి తెచ్చే చికిత్స లేదు. ఉన్న చూపును నిలుపుకోవడానికి కంటిలోపలి పీడనాన్ని తగ్గించడమే ప్రధాన మార్గం. ఆసుపత్రిలో ఆ పీడనాన్ని సాధారణంగా పగటిపూట, రోగి కూర్చుని ఉండగా కొలుస్తారు. మనిషి పడుకున్నప్పుడు అది పెరుగుతుంది. అందువల్ల రోగి ఏ భంగిమలో నిద్రిస్తాడన్నది వైద్యపరంగా గమనించదగిన విషయం. దీనిపై రోగులకు అందే సూచన తరచుగా ‘తల ఎత్తుగా పెట్టుకోండి’ అన్న ఒక్క వాక్యానికి పరిమితమవుతుంది. ఆ వాక్యాన్ని రోగి అర్థం చేసుకునే తీరుకు, పరిశోధనలు చెప్పిన దానికి మధ్య అంతరం ఉంది. శయన భంగిమలకు, కంటి పీడనానికి గల సంబంధాన్ని వివరించి, ఆ విషయాన్ని తెలుగులో స్పష్టంగా చెప్పే విధానాన్ని సికింద్రాబాదు భాషా నేపథ్యంలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: నీటికాసులు, గ్లకోమా, శయన భంగిమ, కంటి పీడనం, వైద్య పరిభాష, సికింద్రాబాదు.

1. ఉపోద్ఘాతం

వైద్యుని సూచన రోగి ఇంటికి చేరేది భాష ద్వారానే. మందుచీటీ మీది మందు పేరు ఏ భాషలో ఉన్నా దుకాణదారు అదే మందు ఇస్తాడు. ‘ఎలా పడుకోవాలి’ అన్న సూచనకు మందుచీటీ ఉండదు. రోగి దాన్ని విని, గుర్తుపెట్టుకొని, ఇంట్లోని మంచానికీ దిండుకూ అన్వయించుకోవాలి. వాక్యంలో స్పష్టత లోపిస్తే ఆచరణ తప్పుతుంది. గ్లకోమా విషయంలో ఆ తప్పు నొప్పిగా బయటపడదు. కనుక రోగికి గాని, ఇంటివారికి గాని అది తెలిసే అవకాశం తక్కువ.

భారతదేశంలో 40 ఏళ్ళు, అంతకు పైబడిన వారిలో సుమారు 1 కోటి 12 లక్షల మందికి గ్లకోమా ఉండవచ్చని 2010లో వెలువడిన ఒక అంచనా తెలిపింది. వీరందరూ రోజులో ఆరేడు గంటలు పడుకొని గడిపేవారే. ఈ దృష్టితో చూసినప్పుడు శయన భంగిమ చర్చ చిన్న విషయం కాదు.

2. వ్యాధికి వాడుకలో ఉన్న పేర్లు

సికింద్రాబాదు బహుభాషా నగరం. కంటోన్మెంటు, రైల్వేల కారణంగా తెలుగుతో పాటు ఉర్దూ, తమిళం, హిందీ మాట్లాడే కుటుంబాలు ఇక్కడ తరతరాలుగా స్థిరపడ్డాయి. కంటి జబ్బుతో గాంధీ ఆసుపత్రికో, మెహదీపట్నంలోని సరోజినీదేవి నేత్ర వైద్యశాలకో, 1987లో ఏర్పడిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థకో వెళ్ళిన వ్యక్తి ఒకే వ్యాధికి మూడు పేర్లు వినవచ్చు. వైద్యులు ‘గ్లకోమా’ అంటారు. తెలుగు కరపత్రాలలో ‘నీటికాసులు’ అని ఉంటుంది. ఉర్దూ, హిందీ మాట్లాడేవారు ‘కాలా మోతియా’ అంటారు.

ఈ పేర్లు ఒక్కొక్కటి ఒక్కొక్క భావాన్ని కలిగిస్తాయి. ‘నీటికాసులు’ అన్న మాటలోని నీరు కంటి వెంట కారే నీరని భావించే అవకాశం ఉంది. వ్యాధికి సంబంధించినది కన్నీరు కాదు. కంటి లోపల ఊరి, లోపలి మార్గంలోనే బయటికి పోయే ద్రవం. ‘కాలా మోతియా’ అన్న పేరు ‘సఫేద్ మోతియా’ అనే శుక్లానికి జంటగా ఏర్పడింది. ఈ జంట పేర్ల వల్ల రెండూ ఒకే తరహా జబ్బులన్న అభిప్రాయం కలుగుతుంది. శుక్లం ‘ముదిరాక’ శస్త్రచికిత్స చేయించుకుంటే చూపు వస్తుందన్నది జనంలో పాతుకుపోయిన అనుభవం. అదే అనుభవాన్ని గ్లకోమాకు వర్తింపజేసి ఆగితే జరిగే నష్టం పూడ్చలేనిది.

ఆయుర్వేదంలోని ‘అధిమంథం’ అన్న పదాన్ని కొందరు గ్లకోమాకు సమానార్థకంగా వాడతారు. సుశ్రుత సంహిత ఉత్తరతంత్రంలో వర్ణితమైన అధిమంథంలో కన్ను మథించినట్లుండే తీవ్రమైన బాధ, సగం తలనొప్పి ప్రధాన లక్షణాలు. ఇవి హఠాత్తుగా వచ్చే సంవృతకోణ గ్లకోమాకు దగ్గరగా ఉన్నాయి. నొప్పి లేకుండా ఏళ్ళ తరబడి సాగే వివృతకోణ గ్లకోమాకు ఈ పదం సరిపోదు. నొప్పి లేదు కాబట్టి జబ్బు లేదనుకోవడమే ఈ రెండో రకంలో పెద్ద ప్రమాదం.

3. హైదరాబాదు నగర సర్వే

ఈ ప్రమాదం ఎంతటిదో తెలుగు నేలమీదే జరిగిన ఒక అధ్యయనం చూపింది. ఎల్.వి. ప్రసాద్ సంస్థ 1996–2000 మధ్య ‘ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల అధ్యయనం’ నిర్వహించింది. హైదరాబాదు, పశ్చిమ గోదావరి, ఆదిలాబాదు, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో మొత్తం 10,293 మందిని పరీక్షించారు. వీరిలో 2,522 మంది హైదరాబాదు నగరవాసులు. నగర ఫలితాలు 2000లో వెలువడ్డాయి. వయసు, లింగ నిష్పత్తులను సరిచేసి లెక్కించినప్పుడు, 40 ఏళ్ళు పైబడిన వారిలో వివృతకోణ గ్లకోమా 2.56 శాతంగా తేలింది. నిర్ధారణ అయిన 27 మందిలో ఇద్దరికి మాత్రమే అంతకుముందు తమ జబ్బు సంగతి తెలుసు. మిగిలిన 25 మందికి సర్వే బృందం పరీక్షించేవరకు తెలియదు.

శయన భంగిమ గురించి చెప్పే ఏ సూచన అయినా ముందు జబ్బు బయటపడిన తరువాతనే ఉపయోగపడుతుంది. కనుక 40 ఏళ్ళు దాటినవారు, కుటుంబంలో గ్లకోమా ఉన్నవారు కంటి పరీక్ష చేయించుకోవడం తొలి మెట్టు. ఆ పరీక్షలో పీడనంతో పాటు దృష్టి నాడిని కూడా చూడాలి. పీడనం కొలత సాధారణ పరిధిలో ఉన్నా నాడి దెబ్బతినే గ్లకోమా ఉంది.

4. పడుకున్నప్పుడు కంట్లో జరిగే మార్పు

కంటి ముందు భాగంలో నేత్రోదకం అనే ద్రవం నిరంతరం ఊరుతుంది. నిమిషానికి సుమారు 2 నుంచి 2.5 మైక్రోలీటర్లు ఊరి, నల్లగుడ్డు అంచున ఉండే జల్లెడ వంటి కణజాలం గుండా సన్నని సిరలలోకి చేరుతుంది. ఊరేదానికి, పోయేదానికి మధ్య సమతౌల్యం మీద కంటి పీడనం ఆధారపడుతుంది. సాధారణంగా 10 నుంచి 21 మిల్లీమీటర్ల పాదరస పీడనాన్ని మామూలు పరిధిగా పరిగణిస్తారు.

ద్రవం చివరకు చేరేది సిరలలోకి కాబట్టి, ఆ సిరలలో ఒత్తిడి పెరిగితే ద్రవం పోయే దారి బిగుస్తుంది. నిలబడినప్పుడు, కూర్చున్నప్పుడు తల గుండెకంటె ఎత్తులో ఉంటుంది. రక్తం సిరల గుండా సులభంగా కిందికి దిగుతుంది. పడుకోగానే తల, గుండె దాదాపు ఒకే మట్టానికి వస్తాయి. కంటి చుట్టూ ఉన్న సిరలలో ఒత్తిడి పెరుగుతుంది. కంటి వెనుక పొరలో రక్తం నిండుతుంది. రెండింటి ఫలితంగా కంటి పీడనం కొన్ని మిల్లీమీటర్ల మేరకు పెరుగుతుంది.

నిద్రలో నేత్రోదకం ఊరడం పగటితో పోలిస్తే బాగా తగ్గుతుంది. కాబట్టి రాత్రి పీడనం తగ్గాలని అనిపించవచ్చు. అమెరికాలోని శాన్ డియాగోలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు నిద్ర ప్రయోగశాలలో ఇరవైనాలుగు గంటల పాటు కొలతలు తీసి, పడుకున్న స్థితిలో రాత్రి పీడనం పెరుగుతుందని 1998 నుంచి వరుస అధ్యయనాలలో చూపారు. భంగిమ ప్రభావం ద్రవం తగ్గుదలను మించిపోతోందని దీనిని బట్టి అర్థమవుతుంది.

తల మరీ కిందికి పోతే ఏమవుతుందో చెన్నైలోని శంకర నేత్రాలయ పరిశోధకులు 2006లో ప్రచురించిన అధ్యయనం చెబుతుంది. శీర్షాసనం వేసే యోగసాధకులలో ఆ ఆసనంలో ఉన్నంతసేపు కంటి పీడనం సుమారు రెట్టింపైనట్లు వారు గుర్తించారు. ఈ కారణంగానే గ్లకోమా రోగులను శీర్షాసనం వంటి తలకిందులు ఆసనాలకు దూరంగా ఉండమంటారు. శీర్షాసనం కొన్ని నిమిషాలతో ముగుస్తుంది. నిద్రలో పీడనం పెరుగుదల దానికంటె చిన్నదే అయినా గంటల తరబడి, ప్రతి రాత్రీ ఉంటుంది.

5. మూడు భంగిమలు

5.1 వెల్లకిల: వీపు మీద పడుకోవడాన్ని ప్రమాణ తెలుగులో ‘వెల్లకిలా’ అని, తెలంగాణ వాడుకలో ‘ఎల్లెలకల’ అని అంటారు. ఈ భంగిమలో రెండు కళ్ళూ ఒకే మట్టంలో ఉంటాయి. కూర్చున్నప్పటి కంటె పీడనం ఎక్కువే అయినా, కన్ను మీద బయటి ఒత్తిడి ఏదీ పడదు. తక్కిన రెండు భంగిమలతో పోలిస్తే గ్లకోమా రోగికి ఇది మేలు.

5.2 పక్కకు తిరగడం: ‘ఒత్తిగిలి పడుకోవడం’ అన్నది ఈ భంగిమకు తెలుగులో ఉన్న చక్కని మాట. ఇందులో రెండు కళ్ళూ సమానంగా ఉండవు. కిందివైపు ఉన్న కంట్లో పీడనం పైకంటికంటె ఎక్కువగా ఉంటుందని పలు అధ్యయనాలు కొలిచి చూపాయి. సియోల్ పరిశోధకులు 692 మంది వివృతకోణ గ్లకోమా రోగులను పరిశీలించి 2014లో ఫలితాలు ప్రకటించారు. పక్కకు తిరిగి నిద్రించే అలవాటు ఉండి, రెండు కళ్ళలో నష్టం అసమానంగా ఉన్నవారిలో సుమారు మూడింట రెండు వంతుల మంది ఎక్కువగా దెబ్బతిన్న కన్ను కిందికి వచ్చేలా పడుకునేవారేనని తేలింది. అలవాటు, నష్టం కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి మరొకదానికి కారణమని నిర్ధారించలేం. అయినా, దెబ్బతిన్న కన్ను కిందికి రాకుండా చూసుకోవడంలో ఖర్చు గాని, కష్టం గాని పెద్దగా లేవు.

ఇక్కడ ఒక సంప్రదాయం చర్చకు వస్తుంది. భోజనం తరువాత ఎడమవైపు తిరిగి పడుకోవడాన్ని ‘వామకుక్షి’ అంటారు. తెలుగు ఇళ్ళలో పెద్దలకు ఇది చిరకాల అలవాటు. ఎడమకన్ను ఎక్కువగా దెబ్బతిన్న రోగికి వామకుక్షిలో ఆ కన్నే కిందికి వస్తుంది. అలాంటివారు మధ్యాహ్నం కునుకును పడక కుర్చీలోకి మార్చుకోవచ్చు. అందులో నడుము నుంచి తల దాకా వాలు ఉంటుంది.

5.3 బోర్లా: బోర్లా పడుకున్నప్పుడు కంటి పీడనం వెల్లకిలా ఉన్నప్పటి కంటె ఎక్కువ పెరుగుతుంది. ముఖం దిండులో కూరుకుంటే, లేదా మోచెయ్యి కన్ను మీదికి వస్తే కనుగుడ్డు మీద నేరుగా ఒత్తిడి పడుతుంది. కంటి కోణం ఇరుకుగా ఉన్నవారికి మరో ప్రమాదం ఉంది. బోర్లా ఉన్నప్పుడు కటకం ముందుకు జరిగి, ద్రవం పోయే కోణం మూసుకుపోవచ్చు. చీకటి గదిలో రోగిని బోర్లా పడుకోబెట్టి పీడనం పెరుగుతుందా అని చూసే పరీక్ష నేత్రవైద్యంలో ఒకప్పటి నుంచి ఉంది. పరీక్షకు వాడే భంగిమే కొందరికి రాత్రంతా అలవాటు భంగిమ కావడం గమనార్హం.

6. తల ఎత్తు: దిండ్లా, వాలా?

టొరంటో పరిశోధకులు 17 మంది గ్లకోమా రోగులను ఒక రాత్రి చదునుగా, మరొక రాత్రి తలవైపు 30 డిగ్రీలు లేపిన పడకపై నిద్రింపజేసి కొలతలు తీశారు. 2010లో ప్రచురితమైన ఆ ఫలితాల ప్రకారం తలవైపు లేపినప్పుడు పీడనం సగటున 3.2 మిల్లీమీటర్లు తక్కువగా ఉంది. 17 మందిలో 16 మందికి తగ్గుదల కనిపించింది.

ఈ ఫలితం వాడుక భాషలోకి ‘తల ఎత్తుగా పెట్టుకోవాలి’ అని మారింది. తెలుగు ఇంట్లో తల ఎత్తు పెంచే సాధనం దిండు. తలగడ అన్నా, తెలంగాణలో మెత్త అన్నా అదే. కనుక మనవరాలు వెంటనే ‘నాయనమ్మా, ఇంకో మెత్త పెట్టుకో’ అంటుంది. ఇక్కడే అంతరం ఏర్పడుతుంది. దక్షిణ కొరియాలో ఆరోగ్యవంతులపై చేసి 2014లో ప్రచురించిన అధ్యయనంలో పడక తలవైపును లేపినప్పుడు పీడనం తగ్గింది. దిండు మీద దిండు పెట్టి తల ఎత్తినప్పుడు ఆ ప్రయోజనం కనిపించలేదు.

దీనికి చెప్పే వివరణ సులభగ్రాహ్యమే. దిండ్లు పేర్చినప్పుడు లేచేది తల మాత్రమే. ఛాతీ పడకనంటే ఉంటుంది. మెడ ముందుకు వంగి గడ్డం ఛాతీ వైపు వస్తుంది. మెడలోని సిరలు నొక్కుకుపోయి తల నుంచి రక్తం దిగడం మందగిస్తుంది. వాలు పడకపై నడుము నుంచి తల దాకా ఒకే రేఖలో లేస్తుంది. మెడ వంగదు. పరిశోధనలో మేలు చేసింది ఎత్తు ఒక్కటే కాదు, వాలు.

7. ఇంటి పడకలకు అన్వయం

ఆసుపత్రి మంచానికి తలవైపు లేపే ఏర్పాటు ఉంటుంది. ఇళ్ళలో ఉండేవి చెక్క మంచం, నవారు మంచం, నులక మంచం, చాప. చాలామంది మంచం తలవైపు కోళ్ళ కింద ఇటుకలు పెట్టడమే ఉపాయమనుకుంటారు. చిన్న లెక్కతో దాని పరిమితి తెలుస్తుంది. ఆరు అడుగుల మంచానికి తలవైపు 6 అంగుళాలు, అంటే సుమారు రెండు ఇటుకల మందం ఎత్తితే ఏర్పడే వాలు 5 డిగ్రీలకు లోపే. అదే మంచానికి 30 డిగ్రీలు కావాలంటే తలవైపు 3 అడుగులు లేపాలి. అది సాధ్యం కాదు, ప్రమాదం కూడా. ఇటుకల ఉపాయంతో 30 డిగ్రీల అధ్యయన ఫలితాన్ని ఆశించరాదు.

శరీరం పైభాగాన్ని మాత్రమే వాలుగా ఉంచితే లెక్క మారుతుంది. పిరుదుల నుంచి తల దాకా ఆనేలా 30 అంగుళాల ఏటవాలు గల గట్టి స్పాంజి దిమ్మెకు తలవైపు 10 అంగుళాలు దాటి ఎత్తు ఉంటే 20 డిగ్రీలు, 15 అంగుళాలుంటే 30 డిగ్రీలు ఏర్పడతాయి. దుకాణాలలో దీన్ని ‘వెడ్జ్ పిల్లో’ అని అమ్ముతారు. పరుపులు కుట్టేవారికి కొలతలిచ్చి చేయించుకోవచ్చు. భుజాల కింద మాత్రమే ఆనే పొట్టి దిమ్మె దిండ్ల పేర్పు వలెనే మెడను వంచుతుంది. చాపమీద పడుకునేవారికీ ఈ దిమ్మె పనికివస్తుంది.

నులక మంచం విషయంలో మరొక జాగ్రత్త అవసరం. నులక వదులైతే నడుము కుంగి, తల లేచినట్లు కనిపిస్తుంది. కాని వీపు వంగి, మెడ మడత పడుతుంది. నులక బిగించి, దానిపై దిమ్మె వేసుకోవడం మంచిది.

8. పరిమితులు

పై అధ్యయనాలు ప్రధానంగా కొలిచింది కంటి పీడనాన్ని. భంగిమ మార్చుకోవడం వల్ల ఏళ్ళ తరబడి చూపు నిలిచిందని అవి నిరూపించలేదు. కనుక భంగిమ మందుకు ప్రత్యామ్నాయం కాదు. కంటి చుక్కలు, లేజరు, శస్త్రచికిత్స అన్నవే చికిత్సలు. భంగిమ వాటికి తోడు. కొన్ని చుక్కల మందులు పగటిపూట పనిచేసినంతగా రాత్రి పనిచేయవన్న విషయం కూడా వైద్యునితో చర్చించదగినది.

అందరికీ ఒకే భంగిమ సరిపోదు. నిద్రలో శ్వాస ఆగిపోయే జబ్బు ఉన్నవారికి పక్కకు తిరిగి పడుకోమనే సూచన ఉంటుంది. వారు ఏ పక్కకన్నది నేత్రవైద్యుని అడిగి తెలుసుకోవాలి. రాత్రిపూట రక్తపోటు బాగా పడిపోయేవారిలో కంటి నాడికి రక్తప్రసారం తగ్గే అవకాశం ఉంటుంది. వారు తలవైపు ఎంత లేపాలన్నది వైద్యుడే నిర్ణయించాలి. రెటీనా శస్త్రచికిత్స తరువాత కంట్లో వాయువు నింపిన కొందరిని కొన్నాళ్ళు బోర్లా ఉండమంటారు. ఆ సమయంలో శస్త్రవైద్యుని ఆదేశమే పాటించాలి.

9. సూచన వాక్యాల పునర్నిర్మాణం

పై చర్చ ఆధారంగా మూడు వాక్యాలను సవరించుకోవచ్చు.

‘తల ఎత్తుగా పెట్టుకోండి’ అన్నదానికి బదులు: ‘నడుము దగ్గర నుంచి తల దాకా ఒకే వాలు ఉండాలి. దిండు మీద దిండు వద్దు. మెడ వంగకూడదు.’ తెలంగాణ వాడుకలో: ‘నడుం కాడికెల్లి తల దాక ఒక్కటే వాలు ఉండాలె. మెత్త మీద మెత్త పెట్టొద్దు. మెడ వంగొద్దు.’

‘పక్కకు తిరిగి పడుకోకండి’ అన్నదానికి బదులు: ‘మీ కుడికన్ను ఎక్కువగా దెబ్బతింది. కుడిచెయ్యి కిందికి వచ్చేటట్టు పడుకోకండి.’ ‘కుడిపక్క’ అన్న మాటను మంచానికి కుడివైపు అని కూడా అర్థం చేసుకోవచ్చు. చేతిని ఆధారంగా చెప్పినప్పుడు ఆ సందిగ్ధత ఉండదు.

‘బోర్లా పడుకోకండి’ అన్నదానికి చేర్చవలసినది: ‘ముఖం దిండులో ఆనించి గాని, చెయ్యి కంటి మీద వేసుకొని గాని నిద్రపోకండి.’

ఈ వాక్యాలలో ‘మీ కుడికన్ను’ అన్నచోట రోగికి తన రెండు కళ్ళలో ఏది ఎక్కువ దెబ్బతిన్నదో తెలిసి ఉండాలి. ఆ విషయం రోగికి చెప్పి, చీటీ మీద తెలుగులో రాసి ఇవ్వడం సూచనలో భాగం కావాలి. నిద్రలో మనిషి కదులుతూనే ఉంటాడు. రాత్రంతా ఒకే భంగిమ నిలవదు. పడుకునేటప్పుడు, మెలకువ వచ్చినప్పుడు సరిచేసుకుంటే చాలునని కూడా చెప్పాలి. లేకపోతే భయంతో నిద్రే పాడవుతుంది.

10. ముగింపు

గ్లకోమా రోగికి శయన భంగిమపై పరిశోధనలు చెబుతున్నవి క్లుప్తంగా ఇవి: బోర్లా పడుకోవడం మానాలి, ఎక్కువగా దెబ్బతిన్న కన్ను కిందికి రాకూడదు, ఎత్తు కావాలంటే దిండ్లతో కాక వాలుతో సాధించాలి, మందు మానకూడదు. వీటిలో ఏదీ క్లిష్టమైన విషయం కాదు. అయినా ఒక్క అస్పష్ట వాక్యం వీటిని తారుమారు చేయగలదు.

తెలుగులో వైద్య పరిభాషా కృషి ఇంతవరకు ఎక్కువగా నామవాచకాల చుట్టూ తిరిగింది. గ్లకోమాకు తెలుగు మాట ఏమిటి అన్న ప్రశ్నకు సమాధానం ఉంది. రోగి రాత్రి దీపం ఆర్పి మంచమెక్కే వేళ గుర్తుకు రావలసిన వాక్యం ఏమిటి అన్న ప్రశ్నపై తెలుగు శాఖలు, నేత్ర వైద్యశాలలు కలిసి పనిచేయవలసి ఉంది. సికింద్రాబాదు వంటి నగరంలో ఆ వాక్యాలను ప్రమాణ భాషలోను, తెలంగాణ వాడుకలోను, ఉర్దూలోను సిద్ధం చేసి, రోగులు అర్థం చేసుకున్న తీరును పరీక్షించడం పరిశోధక విద్యార్థులు చేపట్టదగిన అంశం.